ఎంగిలి పైపు

మన ఇళ్లలో ఎంగిలికి పెద్ద శిక్షాస్మృతే ఉంది. గ్లాసు పెదవికి తగలకుండా నీళ్లు ఎత్తి పోసుకుంటే దోషం లేదు, తగిలిందా కడగాల్సిందే. కూరలో ఉప్పు చూడాలంటే చుక్క అరచేతిలో వేసుకుని నాలుకకు అంటించుకోవాలి, గరిటె నోటి దగ్గరికి పోకూడదు. తిన్న కంచం తీశాక తడిగుడ్డతో తుడిచేదాకా ఆ చోట ఇంకొకరు కూర్చోకూడదు. ఒకరు నమిలిన వేపపుల్లను ఇంకొకరు నోట పెట్టుకోకూడదన్న నియమం మాత్రం ఎక్కడా వినలేదు, అలాంటి ఆలోచన ఎవరికీ రాదు కనక. మరి, ముఖమైనా ఎరగని మనిషి ముప్ఫై నలభై ఏళ్లపాటు పళ్ల మధ్య బిగించి, ఉమ్మి ఊరుతుండగా పీల్చి, ఆలోచనలో పడ్డప్పుడల్లా కొరికి, ఆఖరికి వదిలేసి పోయిన పొగాకు పైపును ఏ పద్దులో వెయ్యాలి? నేను వాటిని డబ్బిచ్చి కొంటాను. ఇంటికి తెచ్చి, లోపల గోకి, బయట మెరుగుపెట్టి, తాగేవాళ్లకు అమ్ముతాను. నాకు మాత్రం పొగ అలవాటు లేదు.

నేనుండేది ఇంగ్లండు ఉత్తరాన. ఇక్కడ చలి తగ్గాక ఆదివారం పొద్దున్నే ఏ పొలంలోనో, బడి ఆటస్థలంలోనో జనం కార్లు వరసగా నిలిపి, డిక్కీలు తెరిచి, ఇంట్లో అక్కర్లేని సామానంతా పరిచి అమ్ముకుంటారు. కార్ బూట్ సేల్ అంటారు. పాత రేడియోలు, పింగాణీ కుక్కలు, ఎవరి పెళ్లివో వెండిపూత చెంచాలు. వాటి మధ్య ఎక్కడో ఒక బిస్కెట్ డబ్బాలో నాలుగైదు పైపులు దొర్లుతుంటాయి. అమ్మేది సాధారణంగా కొడుకో కూతురో. తండ్రి పోయాడు, ఇల్లు ఖాళీ చేస్తున్నారు. మూత తీసి, వాసనకు ముఖం పక్కకు తిప్పుకుని, ఎంతో కొంత ఇవ్వండి అంటారు.

ఒకప్పుడు ఈ దేశంలో పైపు నెమ్మదస్తుడి చిహ్నం. ప్రధానిగా ఉన్నప్పుడు హెరాల్డ్ విల్సన్ కెమెరా ముందు పైపు లేకుండా కనిపించేవాడు కాదు. ఇంట్లో సిగార్లే ఇష్టంగా తాగేవాడని ఆయన్ని ఎరిగినవాళ్లు చెప్పారు. ఏటా 'పైప్ స్మోకర్ ఆఫ్ ది ఇయర్' అని ఒక బిరుదు ఇచ్చేవాళ్లు. 1965లో అది విల్సన్‌కే దక్కింది. 2003లో నటుడు స్టీఫెన్ ఫ్రై అందుకున్నాక, పొగాకు ప్రచారాన్ని నిషేధించే చట్టం వచ్చిన పుణ్యమా అని ఆ సంబరం ఆగిపోయింది. 2007 జూలై 1 నుంచి ఇంగ్లండు పబ్బుల్లో కూడా పొగ తాగకూడదు. మన పాత సినిమాల్లో చేతిలో పైపు ఉందంటే ఆ మనిషి జమీందారన్నా అయ్యుండాలి, విలనన్నా అయ్యుండాలి, మేడమెట్లు దిగుతూ అన్నా ఉండాలి. ఇక్కడ పోస్ట్‌మ్యానూ తాగాడు, బస్సు డ్రైవరూ తాగాడు, లెక్కల మేష్టారూ తాగాడు. ఆ తరం వెళ్లిపోతోంది. పైపులు మాత్రం అంత తొందరగా పోయే రకం కాదు.

పోకపోవడానికి కారణం ఆ కొయ్య. బ్రయర్ అంటారు. మధ్యధరా సముద్రం చుట్టూ, ఇటలీలో, కోర్సికాలో, గ్రీసులో, అల్జీరియాలో, ఎండిన కొండవాలుల మీద పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొద అది. పైకి చూస్తే చెప్పుకోదగ్గదేమీ లేదు. సంగతంతా భూమిలో ఉంది. కాండానికీ వేరుకూ మధ్య ఒక గడ్డ కడుతుంది. కార్చిచ్చు వచ్చి కొండంతా కాలిపోయినా, ఆ గడ్డలోంచి పొద మళ్లీ చిగురుస్తుంది. నిప్పు మీదుగా పోయినా బతకడానికి ఒక మొక్క దాచుకున్న సరుకులో మనిషి రోజూ నిప్పు పోశాడు. తవ్విన గడ్డలను ముక్కలుగా కోసి, గంటలకొద్దీ నీళ్లలో ఉడకబెట్టి వగరు దించి, నెలల తరబడి ఆరబెడతారు. అంతకుముందు ఐరోపాలో పైపులు ఎక్కువగా మట్టివి. ఫ్రాన్సు తూర్పున జురా కొండల్లో సెంట్-క్లోడ్ అనే ఊరుంది. అక్కడి మఠానికి వచ్చే యాత్రికుల కోసం జపమాలలూ చిన్నచిన్న కొయ్య బొమ్మలూ తరిణె పట్టిన పనివాళ్లు 19వ శతాబ్దం నడిమికి వచ్చేసరికి ఈ గడ్డను పట్టుకున్నారు. జపమాల తిప్పిన చేతికే పైపు కూడా అక్కడినుంచే అందింది.

ఇంటికి తెచ్చిన పైపును ముందు న్యూస్‌పేపరు మీద పెట్టి ఊరికే చూస్తాను. ఆ చూపులో నాయనమ్మ ఉంటుంది. ఒంగోలు వైపు మాది పొగాకు ఇల్లే. అయినా ఎంగిలి విషయంలో ఆమె హైకోర్టు. ఆమె మాటల్లో నాకు అర్థమైన సూత్రం ఒకటుంది: ప్రతి వస్తువుకూ ఒక శుద్ధి ఉంది, శుద్ధి లేని వస్తువును ఇంట్లోకి తేకూడదు. ఇది ఆమె సొంత కవిత్వం కాదు. ధర్మశాస్త్రాల్లో ద్రవ్యశుద్ధి అని ఒక ప్రకరణమే ఉంది. మనుస్మృతి ఐదో అధ్యాయంలో ఆ పట్టీ కనిపిస్తుంది. రాగి, కంచు, ఇనుము వంటివాటికి క్షారం, పులుపు, నీళ్లు. మట్టిపాత్రకు మళ్లీ కాల్చడం. కొయ్యకు పైపొర చెక్కేయడం. ఆ పుస్తకంతో నాకు మిగతా చోట్ల చాలా పేచీలున్నాయి గానీ, ఈ పట్టీ రాసినవాడికి సామాను తోమిన అనుభవం ఉందని ఒప్పుకుంటాను.

ఎందుకంటే పైపుల శుద్ధి కూడా ఆ పట్టీ ప్రకారమే నడుస్తుంది. 17, 18 శతాబ్దాల ఇంగ్లీషు సత్రాల్లో వాడిన మట్టి పైపులను ఇనపచట్రంలో పేర్చి నిప్పుల్లో పెట్టేవాళ్లు. పట్టిన తారంతా కాలిపోయి పైపు మళ్లీ తెల్లగా బయటికొచ్చేది, ఇంకో మనిషి నోటికి సిద్ధమయ్యేది. లండన్‌లో థేమ్స్ నది పోటు తీసినప్పుడు ఒడ్డు బురదలో ఆ మట్టి గొట్టాల ముక్కలు ఇప్పటికీ అడుగడుక్కీ దొరుకుతాయి. ఇక బ్రయరు కొయ్య గనక, చెక్కాలి.

పైపు గిన్నె లోపల గోడకు అంటుకుని నల్లగా గట్టిపడ్డ పెచ్చు ఉంటుంది. తాగేవాళ్లు దాన్ని కేక్ అంటారు. బూడిద, కాలిన చక్కెర, తారు కలిసి ఏళ్లమీద పేరుకున్నది. ఇది పూర్తిగా చెడ్డదేం కాదు. ఒక మిల్లీమీటరు, మహా అయితే ఒకటిన్నర మందాన ఉంటే కొయ్యకు కవచం. కొత్త పైపు కొన్నవాడు ఆ పొర కట్టేదాకా మెల్లగా, తొందరపడకుండా తాగుతాడు. కానీ ఎవరూ గోకకుండా వదిలేస్తే పెరిగి పెరిగి చిటికెనవేలు కూడా దూరనంత ఇరుకవుతుంది. వేడెక్కినప్పుడు మసి వ్యాకోచించే తీరు వేరు, కొయ్యది వేరు. ఒకరోజు గిన్నె నిట్టనిలువునా పగులుతుంది. దాన్ని గోకే పనిముట్టు రీమర్. నాలుగు రెక్కలున్న ఉక్కు బిళ్లను టీ ఆకారపు పిడికి తగిలించి, గిన్నెలో దించి, మెల్లగా తిప్పాలి. చిన్న సైజుతో మొదలుపెట్టి పెద్దదానికి పోవాలి. మణికట్టుకు తొందర పుట్టిందా, గోడ ఒక పక్క లోతుగా తెగుతుంది. కరకరమని శబ్దం, న్యూస్‌పేపరు మీద నల్లటి పొడి కుప్ప.

ఆ కుప్పను పారబోసే ముందు కాసేపు ఆగుతాను. 1919లో బ్రిటన్ తన సామ్రాజ్యంలో పండిన పొగాకు మీద సుంకం తగ్గించింది. దాంతో ఇండియా ఆకుకు గిరాకీ వచ్చింది. గుంటూరు జిల్లా రైతులు వర్జీనియా మొక్కలు వెయ్యడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది. ఒంగోలు అప్పటికి గుంటూరు జిల్లాలోనే ఉండేది. ప్రకాశం జిల్లా 1970లో గానీ విడిపోలేదు. ఆకు కోసి, కర్రలకు కట్టి, బ్యారన్‌లో పొగగొట్టాల వేడికి పసుపెక్కేదాకా కాచి, గ్రేడులుగా విడగొట్టి బేళ్లు కడితే ఓడలెక్కి ఇక్కడికి వచ్చేది. ఈ పొడిలో ఆ ఆకు ఉందని సాక్ష్యం చూపించలేను. లేదని చెప్పగలిగినవాడు కూడా లేడు. పచ్చి ఆకు కోసినవాళ్ల చేతులకు ఒక జిగురు అంటుకుంటుంది, నల్లగా, చేదుగా. సబ్బుకు లొంగదు. మా ఇంట్లో కూలికి వచ్చినవాళ్లు మట్టితో రుద్దుకుని, ఆ తర్వాత అన్నం ముందు కూర్చునేవాళ్లు. పైపు కాడలోంచి ఇప్పుడు నా వేళ్లకు అంటేది దాని కాలిన రూపమే.

కాడ లోపలిది అసలు నరకం. నోటి తడీ, పొగలోని తారూ కలిసి అక్కడ చిక్కబడి ఉంటాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్లో ముంచిన పైప్ క్లీనర్ దూర్చి తీస్తే మొదట తారురోడ్డు నలుపు వస్తుంది. తర్వాత కాఫీ రంగు, ఆ తర్వాత పల్చటి టీ రంగు. తెల్లగా వచ్చేదాకా దూరుస్తూ పోవాలి. వాసన అప్పటికీ పోకపోతే ఉప్పు. కాడను దూదితో బిగించి, గిన్నె నిండా ఉప్పు పోసి, అది తడిసేదాకా ఆల్కహాలు చుక్కచుక్కగా వదిలి రాత్రంతా ఉంచాలి. పొద్దున్నకు ఉప్పు గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది. కొయ్య లోపలికి ఇంకిన తారును ఆల్కహాలు కరిగిస్తుంది, ఉప్పు పీల్చుకుంటుంది. ఉప్పుతో కొయ్య పగులుతుందని భయపడి దూది మాత్రమే వాడేవాళ్లూ ఉన్నారు. నాకు ఉప్పు మీదే గురి. నాయనమ్మ దిష్టి తీసేది కూడా దానితోనే.

అయినా పోనివి కొన్ని ఉంటాయి. ఇక్కడికి దగ్గర్లో కెండల్ అనే ఊరుంది, సరస్సుల ప్రాంతం అంచున. 1792 నుంచి అక్కడ నస్యం, పొగాకు చేస్తున్నారు. గులాబీ, జెరేనియం లాంటి పూల సుగంధాలు కలిపిన పొగాకులు వాళ్ల ప్రత్యేకత. ఒకసారి ఆ పొగాకు తాగిన పైపు జన్మలో దాన్ని మర్చిపోదు. ఉప్పు పోసినా, మళ్లీ పోసినా, ఎండలో పెట్టినా పెద్దావిడ బీరువా తెరిచిన వాసన వస్తూనే ఉంటుంది. తాగేవాళ్లు దీన్ని దయ్యం అంటారు. అలాంటి పైపును నేను అదే పొగాకు తాగేవాడికి అమ్ముతాను. దయ్యాన్ని వదిలించడం కంటే దానికి సంబంధం చూడటం తేలిక.

ఇంతవరకూ నాకు సందేహాలు లేవు. గిన్నె లోపల ఉన్నది, కాడ లోపల ఉన్నది అంతా తియ్యాల్సిందే. పైపు మళ్లీ ఒక నోటికి పోతుంది గనక లోపలి భాగం రాబోయేవాడి సొత్తు. ఈ విషయంలో నేను నాయనమ్మ పక్షం, నూటికి నూరుపాళ్లు. పైపు మళ్లీ తాగడానికే వెళ్తుందని తెలిసీ, పాత మనిషి ఆనవాలు అంటూ తారును ముద్దుచేసేవాళ్లను చూస్తే నాకు విసుగు. ఆనవాలు కాదది, మురికి.

బయటి సంగతి వేరు. అక్కడ కనిపించేవి నోరు చేసిన పనులు కావు, చెయ్యి చేసినవి. 1893లో అచ్చయిన షెర్లాక్ హోమ్స్ కథ ఒకటుంది, 'ది యెల్లో ఫేస్'. వచ్చినాయన హోమ్స్ ఇంట్లో లేని సమయంలో ఎదురుచూసి, విసిగి, పైపు మర్చిపోయి వెళ్తాడు. హోమ్స్ ఆ పైపును చదువుతాడు. రెండుసార్లు విరిగితే రెండుసార్లూ వెండి పట్టీ వేయించాడు; ఒక్కో పట్టీకి అయిన ఖర్చు పైపు ఖరీదు కంటే ఎక్కువ, కాబట్టి ఇదంటే అతనికి ప్రాణం. గిన్నె ఒక పక్కే మాడింది, దీపం మంట మీద వంచి ముట్టిస్తాడు, మాడిన పక్కను బట్టి ఎడమచేతి వాటం. నోట పెట్టుకునే మూతిలో పళ్లు దిగాయి, కండ ఉన్నవాడు, పళ్లు గట్టివి. చదువరులు ఎక్కువమంది ఇక్కడ చప్పట్లు కొట్టి ఊరుకుంటారు. నాకు నచ్చేది కథ చివర. అసలు చిక్కు గురించి హోమ్స్ కట్టిన ఊహ మొత్తం తప్పని తేలుతుంది. పైపు అంతవరకే చెప్పింది, మిగతాది ఈయన కల్పించాడు. నాకూ ఆ జబ్బు ఉంది. అంచు మాడిన పక్క చూసి కుడిచేతి వాటమని అనుకుంటే పర్లేదు. అక్కడ ఆగక, తోటలో కూర్చుని తాగేవాడనీ, భార్య ఇంట్లో తాగనిచ్చేది కాదనీ కథ అల్లుతాను.

కాబట్టి బయట చెయ్యి పెట్టేటప్పుడు నిదానిస్తాను. అంచు మీద పొంగి గట్టిపడ్డ తారును తడిగుడ్డతో నానబెట్టి తీస్తాను, కింద కొయ్య నిజంగా మాడిపోయి ఉంటే ఆ నలుపును వదిలేస్తాను. కింద పడ్డప్పటి సొట్టలుంటే తడిగుడ్డ కప్పి ఇస్త్రీపెట్టె కొన తగిలిస్తే ఆవిరికి కొయ్య నారలు ఉబ్బి సొట్ట పైకి లేస్తుంది. ముద్రల జోలికి మాత్రం చచ్చినా పోను. కాడ మీద తయారీదారు పేరు, ఆకారం అంకె, ఊరు చిన్న అక్షరాల్లో గుద్ది ఉంటాయి. డన్‌హిల్ పైపు అయితే ఏ ఏడు చేశారో చెప్పే అంకె. డబ్లిన్ పీటర్సన్ వెండి పట్టీ మీదైతే కిరీటం ఉన్న హార్ప్ ముద్ర. ఇసుక కాగితం రెండుసార్లు అటూ ఇటూ రుద్దితే చాలు, మళ్లీ ఎవరూ చదవలేరు. బజారులో తళతళలాడే పైపులు చాలా కనిపిస్తాయి, ముద్రలు అరిగి, అంచు గుండ్రంగా తిరిగి, ఏ పైపో చెప్పలేనంత కొత్తగా. మెరుగుపెట్టినవాడికి తన పనితనం కనపడాలన్న ఆరాటం, అంతే. గుడ్డచక్రం మీద బ్రెజిల్ తాటిచెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా మైనం పట్టించడం ఈ పనిలో అతి సుఖమైన అంకం. అందుకే అది చివరికి ఉండాలి, చాలా తక్కువ ఉండాలి.

లోపల రాబోయేవాడిది, బయట పోయినవాడిది. ఈ పంపకం నాకు చాలాకాలం సరిపోయింది. ఇబ్బందల్లా మూతి దగ్గర వస్తుంది. పళ్ల గాట్లు బయటే ఉంటాయి గానీ నోట్లోకే పోతాయి. పైగా శాస్త్రం రాసినవాడికి ఆ సరుకే తెలియదు. రబ్బరులో ముప్ఫై శాతం దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, గంధకం కలిపి ఉడికిస్తే వచ్చే గట్టి నల్లటి పదార్థం, ఎబొనైట్. రబ్బరూ గంధకం వేడికి కలిస్తే ఏమవుతుందో 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. గట్టి రబ్బరుకు 1851లో ఆయన తమ్ముడు నెల్సన్ పేటెంటు తీసుకున్నాడు. కొయ్యా లోహమూ మన్నూ కాని ఈ వస్తువుకు పట్టీలో గడి లేదు.

తెలుగువాళ్లకు ఎబొనైట్ కొత్తేమీ కాదు. రాజమండ్రి రత్నం పెన్నులు దీనితోనే తరిణె పట్టారు. 1935లో గాంధీ మెచ్చుకుంటూ ఉత్తరం రాసిన ఆ స్వదేశీ పెన్ను మా నాన్న జేబులోనూ ఉండేది. ఎండకూ తడికీ ఎబొనైట్‌లోని గంధకం పైకి తేలి, నలుపు కాస్తా ముదురు ఆకుపచ్చకూ గోధుమ రంగుకూ తిరుగుతుంది. కొనేటప్పుడు పైపు మూతులన్నీ ఆ రంగులోనే ఉంటాయి, నాలుకకు తగిలితే అగ్గిపుల్ల రుచి అని తాగేవాళ్లు చెబుతారు. నీళ్లు తగిలిస్తూ సన్నటి కాగితాలతో, 1500 నంబరు నుంచి 12000 దాకా, ఒకదాని తర్వాత ఒకటి రుద్దితే నలుపు మళ్లీ బయటికొస్తుంది. దీనికి ఒక విద్య కూడా వచ్చు: మొదట పోత పోసిన ఆకారం దీనికి గుర్తుంటుంది. వంకర మూతిని వేడి చేస్తే తిన్నగా సాగడానికి చూస్తుంది. పళ్ల గాటు మీద లైటరు మంట కాస్త ఎడంగా ఆడిస్తే గాటు దానంతటదే పైకి లేస్తుంది. ఒక మనిషి ఏళ్ల తరబడి పెట్టిన ఒత్తిడి నిమిషంలో చెరిగిపోతుంది. మరీ లోతైనవి లేవవు. వాటిని బొగ్గుపొడి కలిపిన సూపర్‌గ్లూతో పూడ్చాలి.

లేపాలా వద్దా అన్నదే ప్రశ్న. అమెరికాలో స్మిత్సోనియన్ వాళ్ల జాతీయ చరిత్ర మ్యూజియంలో ఐన్‌స్టైన్ పైపు ఉంది. తాగొద్దని డాక్టర్లు చెప్పాక కూడా ఆయన ఖాళీ పైపు నోట్లో పెట్టుకుని తిరిగేవాడట. కొరికి కొరికి దాని మూతికి చిల్లి పడింది. ఆ చిల్లి పూడ్చాలని మ్యూజియంలో ఎవరూ అనుకోరు, అనుకుంటే ఉద్యోగం ఉండదు. బస్సు డ్రైవరు పైపుకు అంత మర్యాద ఎవరిస్తారు?

ఒకావిడ ఇచ్చింది. కార్ బూట్ సేల్లో పరిచయం. మిగతా పైపులన్నీ నాకు అమ్మి, ఒకటి మాత్రం తన దగ్గర ఉంచుకుంది. తర్వాత దాన్నే తీసుకుని వచ్చింది. మూతి కాడలోంచి ఊడొస్తోంది, బిగించి ఇవ్వాలి. "లోపల ముట్టుకోకండి" అంది. తాగేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. అప్పుడప్పుడు బయటికి తీసి వాసన చూస్తుందట. నేను ఏ తారును మురికని కొట్టిపారేస్తానో, ఆమెకు కావలసింది అదే. మూతి కొన వేడిచేసి కొంచెం వెడల్పు చేశాను, కాడలో బిగిసి కూర్చుంది. రుద్దలేదు, మెరుగుపెట్టలేదు. ఆకుపచ్చ మూతి, మాడిన అంచు, తారు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఇచ్చేశాను. పని గంట పట్టలేదు, డబ్బు తీసుకోబుద్ధి కాలేదు.

తిన్నడి కథ అప్పుడు తలకెక్కింది. శ్రీకాళహస్తిలో శివుడికి పుక్కిట నీళ్లు తెచ్చి అభిషేకం చేసినవాడు, మాంసం రుచి చూసి మంచి ముక్కలు పెట్టినవాడు. ధూర్జటి రాసిన కథ. హరికథలో ఆ ఘట్టం వస్తే నాయనమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకునేది. ఇంటికి వచ్చాక అదే కొంగు దోపుకుని, నేను మూతి పెట్టి తాగిన చెంబును పెరట్లో వేరేగా పెట్టించేది. అందులో ఆమెకు వైరుధ్యం ఏమీ తోచలేదు. ఇప్పుడు నాకూ తోచడం లేదు.

ఆ వారంలోనే ఒక కుర్రాడు వచ్చాడు, యూనివర్సిటీలో చదువుకుంటున్నాడు, పైపు మొదలుపెట్టాలని కొత్త ముచ్చట. పళ్ల గాట్లు ఏ మాత్రం కనపడకూడదన్నాడు. వేరేవాళ్ల పళ్లు గుర్తొస్తే తాగలేనన్నాడు. అలా అయితే కొత్తది కొనుక్కోవచ్చుగా అంటే, పాత కొయ్యే మంచిదని విన్నాడట. మంచి కొయ్య కావాలి, దాన్ని మంచి చేసిన మనిషి వద్దు. నోటి జబ్బుల సంగతి కూడా చెప్పాను. మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగుళ్లకు ఏమవుతుందో డాక్టర్లు ఏనాడో రాసి పెట్టారు. పైపు వాళ్లకు కూడా పెదవీ నాలుకా క్షేమం కాదు. తల ఊపాడు, వినలేదు. గాట్లు లేపి ఇచ్చాను. నోట్లో పెట్టుకునేది వాడు. మూతి ఎవరి పంపకంలోకి వస్తుందో ఆ రోజు తేల్చుకున్నాను: తాగేవాడు ఉంటే తాగేవాడిది, లేకపోతే కొరికినవాడిది.

మా ఆవిడ ఈ సిద్ధాంతాలేవీ ఒప్పుకోదు. వంటింటి సింకులో పైపు కనపడకూడదన్నది మొదటి నియమం. మూతి కాడలో బిగుసుకుపోతే ఫ్రీజర్లో పెట్టి తీయడం ఈ పనిలో అందరూ చేసేదే, చలికి కుంచించుకుని వదులవుతుంది. మా ఫ్రీజర్లో కొబ్బరి తురుము పక్కన ఒక పైపు దొరికిన రోజు నుంచి గరాజులో నాకు వేరే ఫ్రిజ్ ఏర్పాటైంది. ఆమె వేసిన ప్రశ్న మాత్రం చాన్నాళ్లు వెంటాడింది. "ఏందండీ, మీరు నోట పెట్టుకోలేంది డబ్బు తీసుకుని ఇంకోళ్ల నోట పెడతారా?"

న్యాయమైన ప్రశ్న. గాలి సాఫీగా ఆడుతోందో లేదో చూడాలంటే ఖాళీ పైపును నోటితో పీల్చి చూడటమే పద్ధతి. ఈ పని చేసేవాళ్లంతా అలాగే చూస్తారు. నేను మాత్రం పైప్ క్లీనర్ ఈ చివర దూరిస్తే ఆ చివర వచ్చిందా లేదా చూసి, రబ్బరు బల్బుతో గాలి కొట్టి సరిపెట్టుకుంటూ వచ్చాను. కెమెరా లెన్సులు తుడిచే బల్బు అది.

మొన్న ఒక పీటర్సన్ పూర్తయింది. వంపు తిరిగిన కాడ, వెండి పట్టీ. ఆల్కహాలు, ఉప్పు, మైనం, ఏ అంకమూ తక్కువ చెయ్యలేదు. పైప్ క్లీనర్ తెల్లగానే వస్తోంది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూస్తోంది. చిన్నప్పుడు బళ్లో జామకాయ పంచుకునేటప్పటి ఉపాయం గుర్తొచ్చి, చొక్కా అంచు మూతి మీద కప్పి పీల్చాను. కాకెంగిలి. గుడ్డకు గాలి అడ్డం పడి ఏమీ తెలియలేదు. ఆవిడ ఏమీ అనలేదు. గుడ్డ తీసేసి, పళ్ల మధ్య పట్టుకుని గట్టిగా పీల్చాను. మైనం రుచి, కొద్దిగా ఉప్పు. గాలి వస్తోంది గానీ చివర్లో సన్నగా గురగుర.

మూతి కొన కాడలోకి దిగే చోట ఒక చిన్న ఖాళీ ఉంటుంది. తడి చేరేది అక్కడే. పైప్ క్లీనర్ నడిమధ్య నుంచి పోతుంది గనక ఆ మూల దానికి అందదు, బల్బుకూ తెలియదు. దబ్బనం మొన వంచి దూర్చి తిప్పితే, బఠాణీ గింజంత నల్లటి ముద్ద బయటికొచ్చింది. రెండోసారి పీల్చినప్పుడు గురగుర లేదు.